శనివారం కొండ

సియోల్ నగర శివారు కొండ సగం ఎక్కేసరికి కంపెనీ యజమాని రొప్పుతూ తన దగ్గర ఏళ్లుగా పనిచేస్తున్న మేనేజరు నమ్ పక్కన ఆగాడు. వెనక ఉద్యోగులంతా పాడుకుంటూ వస్తున్నారు.

"నమ్ గారూ, యజమానుల శిక్షణ తరగతిలో, ఉద్యోగుల గురించి ఒక్క నిజమైనా తెలుసుకుని రమ్మన్నారు. మనవాళ్లకి ప్రతి శనివారం ఈ కొండెక్కడం ఇష్టమేనా?"

"ప్రాణం సార్."

"నిజం అడిగాను."

"ప్రాణం పోతోంది సార్."

"మరి ఇన్నేళ్లుగా ఆ పాటలేంటి?"

"మొదటి వారం మీరు పాడారు కదా. మీకు సరదా అనుకున్నాం."

"నాకా? నా మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. మీ అందరి సరదా చూసి వస్తున్నాను."

నమ్ నవ్వు ఆపుకోలేక రాయి మీద కూలబడ్డాడు. యజమానికీ నవ్వాగలేదు.

"దిగిపోదాం సార్. కింద వేడి వేడి అట్లు, బియ్యపు కల్లు."

"దిగుదామా అని అడిగితే, నా కోసం ఎక్కుదామనే అంటారు."

"అడక్కండి. మోకాలు పట్టుకుని కూర్చోండి, చాలు."

యజమాని "అమ్మా" అంటూ కూర్చున్నాడు. పాట ఆగిపోయింది. తల తిప్పి చూస్తే, కొత్తగా చేరిన కుర్రాళ్లతో సహా అందరూ మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉన్నారు.

"ఇకమీదట నేను దగ్గాలన్నా ఆలోచించుకోవాలి, నమ్ గారూ."