స్తంభం వెనక రెండు సీట్లు

స్తంభం తీసేస్తారా? ఎవర్నడిగి తీసేస్తారమ్మా?

అదేమన్నా నిన్నా మొన్నా నిలబెట్టిందా? హాలు కట్టిన నాటినుంచీ కప్పు మోస్తోంది. ఏనాడన్నా నడుం నెప్పి అందా? సెలవు కావాలందా? ఈ కాలేజీలో అంత బుద్ధిగా పనిచేసినవాళ్ళు ఇంకెవరున్నారో ఒక్క పేరు చెప్పు చూద్దాం.

నవ్వకు ట్రూడీ. నేను నవ్వులాటకి రాలేదు. బయట మంచు మోకాలి లోతుంది. నవ్వులాటకైతే ఎండలొచ్చాక వచ్చేవాణ్ణి.

సరే, కూర్చుంటాలే. ఇదేనా ఆ కొత్త కుర్చీ? టికెట్ల ఆఫీసుకొచ్చిన వాళ్ళంతా కూర్చుని చూడాలని పెట్టారా? ఊఁ. వీపుకి ఆనుడుంది. చేతులకి ఆనుడుంది. ఈ కన్నమేమిటి? గ్లాసు పెట్టుకోడానికా! ఇంతకాలం గ్లాసు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, మనవాళ్ళు బంతి వేసినప్పుడల్లా ముందువాడి మెడ మీద పోసేవాళ్ళం. ఇహ ఆ ముచ్చటా లేదన్నమాట.

చెక్క బల్ల మీద కూర్చుంటేనే మనిషి ఆట చూస్తాడమ్మా. ఇంత మెత్తగా ఉంటే గురకపెడతాడు.

అబ్బే, హాలు బాగుచెయ్యద్దని నేననలేదు. నా మీద ఆ మాట వెయ్యకు. ఆడవాళ్ళ బాత్రూములు కట్టాల్సిందే. హాఫ్ టైములో లైనులో నిలబడ్డ వాళ్ళు తిరిగొచ్చేసరికి ఆట అయిపోయి ఊడ్చేవాళ్ళు ఊడుస్తుంటారు. కప్పు కారుతోంది, అదీ నిజమే. కోర్టు పక్కన బకెట్లు పెట్టి బాస్కెట్‌బాల్ ఆడించే కాలేజీ ఇండియానా రాష్ట్రం మొత్తం మీద మనదొక్కటే అయ్యుంటుంది. పైనుంచి పెచ్చు ఊడి అవతలి టీము కోచ్ భుజం మీద పడింది, గుర్తుందా? ఆ రోజు గెలిచాం. అయినా సరే, కప్పు మార్చుకోండి అనే నేనూ అంటాను. మధ్యలో స్తంభం ఏం చేసింది?

మొన్న చర్చి కింద హాల్లో మీటింగు పెట్టారుగా, తినడానికి ఆపిల్ పై ముక్కలు పంచి. అక్కడా చెయ్యెత్తి అడిగాను, ఆ ఒక్కటీ ఉంచండయ్యా అని. ఇంజనీరు నన్ను జాలిగా చూశాడు. బయటనుంచి ఇనప దూలాలు వేసి కప్పు పట్టి ఉంచుతారట. లోపల స్తంభమన్నదే ఉండదట. "మీకంత ఇష్టమైతే దాన్ని కోసి ఒక ముక్క జ్ఞాపకంగా ఇస్తాం పెద్దాయనా" అన్నాడు. ముక్కేం చేసుకోను? ఇంట్లో టీవీకి అడ్డంగా పెట్టుకోనా?

ఏ సీట్లో కూర్చున్నా రెండు రింగులూ కనిపిస్తాయట. అందరూ చప్పట్లు కొట్టారు.

రెండు రింగులూ కనిపిస్తాయి. అదేనమ్మా నా ఏడుపు.

మా సీట్లు నీకు తెలుసుగా? తూర్పు వైపు, పై వరస, పసుప్పచ్చ రంగేసిన స్తంభం వెనక. తెలియకపోవడమేమిటి, నిన్ను బడి బస్సులో ఎన్నేళ్ళు తిప్పాను! వెనక సీటు కింద బబుల్‌గమ్ అంటించేదానివి. నేను చూడలేదనుకునేదానివి. బస్సు నడిపేవాడికి అద్దంలో అన్నీ కనిపిస్తాయమ్మా.

ఆ స్తంభం వెనక మాత్రం కనిపించవు. అక్కడ కూర్చుంటే హాలు రెండు ముక్కలు. నా సీట్లోంచి దక్షిణం రింగు కనిపిస్తుంది. ఉత్తరం రింగు మెడ విరుచుకున్నా కనిపించదు. పక్క సీటుకి ఉత్తరం కనిపిస్తుంది, దక్షిణం కనిపించదు. పక్క సీటు వెల్డాది.

ఆఁ, ఆ వెల్డాయే. ఊళ్ళో ఎంతమంది వెల్డాలున్నారేమిటి?

పెళ్ళైన కొత్తలో కొన్నాం ఆ సీట్లు. చవగ్గా వచ్చాయి. చవక అంటే నాకు ఎక్కడలేని హుషారూ వస్తుంది, ఊరందరికీ తెలిసిందే. ఆవిడ చవకది చేత్తో ముట్టదు. కర్టెన్లు కావాలంటే చికాగో నుంచి రావాలి. ఊళ్ళో షాపులో బూట్లు కొంటే కరుస్తాయంటుంది. ఏటా సీట్లు మళ్ళీ రాయించుకునే రోజులొచ్చేసరికి ఇంట్లో కురుక్షేత్రం. "వర్జిల్, ఈ ఏడన్నా మనుషుల్లాగా కింద వరసలో కూర్చుందాం. స్తంభాన్ని చూడ్డానికి డబ్బులివ్వడమేమిటి?" అనేది. "సగం ధరకి సగం ఆట. మిగతా సగం నువ్వు చెప్పు, నేను వింటాను" అనేవాణ్ణి. ఆవిడ నన్ను పిసినారి అనేది. నేను ఆవిడ్ని దుబారా మనిషి అనేవాణ్ణి. అలా అనుకుంటూ అనుకుంటూ లాయర్ల దాకా వెళ్ళాం.

ఇల్లు ఆవిడకి, ట్రక్కు నాకు. కుక్క అరుగు దిగనని పడుకుంది కాబట్టి ఇంటితో పాటు ఆవిడకే పోయింది. అదంతా ఒక్క పూటలో తేలిపోయింది. సీట్ల దగ్గరే పడింది పీటముడి. నాకు కావాలన్నాను. ఆవిడ కూడా నాకు కావాలంది! కాపురం చేసినన్నాళ్ళూ తిట్టిపోసిన సీటు! నా మీద కచ్చతోనే అనుకున్నాను. జడ్జిగారికీ మన హాల్లో సీటుంది కాబట్టి సంగతి ఎంత పెద్దదో ఆయనకి తెలుసు. ఇంటి గురించి చిటికెలో తేల్చినవాడు సీట్ల గురించి ఆలోచించుకోవాలని వాయిదా వేశాడు. చివరికి చెరొకటీ అన్నాడు.

ఊరంతా నవ్వింది. ఇద్దరిలో ఎవరో ఒకరు మానేస్తారనుకున్నారు. మా ఆమ్‌స్టట్జ్ ఇంట్లో పుట్టినవాళ్ళు పట్టిన పట్టు వదలరు. పెళ్ళి చేసుకుని ఆమ్‌స్టట్జ్ అయినవాళ్ళు అసలే వదలరు.

ఆ నవంబరులో మొదటి ఆట. ఇద్దరం వెళ్ళాం. ఆవిడ మధ్యలో తన కోటు మడిచి పెట్టింది, సరిహద్దు రాయిలాగా. మన ఆనవాయితీ ఉందిగా, మనవాళ్ళు మొదటి బంతి వేసేదాకా హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతూనే ఉండాలని. కొడుతున్నాం. మనవాళ్ళు ఉత్తరం రింగుకి వేస్తున్నారు. ఒక్కసారిగా హాలు అరిచింది.

అరుపుని బట్టి తెలియదా అంటావా? ఎలా తెలుస్తుందమ్మా! పడితే అరుస్తారు, పడకపోతే అరుస్తారు, రిఫరీ ఈల వేస్తే వాడి వంశాన్నంతా కలిపి అరుస్తారు. పక్కవాళ్ళు కూర్చుంటే మనమూ కూర్చుందామంటే, మా పక్కనుండేది బ్యాండు పిల్లలాయె. వాళ్ళు ఆట అయ్యేదాకా కూర్చోరు. నేను స్తంభం వైపు చూస్తూ చప్పట్లు కొడుతూనే ఉన్నాను.

అప్పుడు కోటు అవతల్నించి వినిపించింది. "పడింది. కూర్చో."

కూర్చున్నాను. విడాకులయ్యాక ఆవిడ నాతో అన్న మొదటి మాట అది.

రెండో సగంలో టీములు రింగులు మారాయి. ఇప్పుడు మనవాళ్ళు నావైపు. కాసేపటికి ఆవిడ, మొహం ఇటు తిప్పకుండా, "ఫౌలెవరిది?" అంది. చెప్పాను. ఇహ అప్పట్నుంచీ ఏ చలికాలమైనా అంతే. "పడిందా?" "పడలేదు." "ఎవరు వేశారు?" "ఎర్రజుట్టు వాడు." గేటు దాటితే ఆవిడెవరో నేనెవరో. కిరాణా షాపులో ఎదురైతే బీన్స్ డబ్బాల వెనక్కి తప్పుకుంటుంది. నేనూ తప్పుకుంటాను. ఒకసారి ఇద్దరం ఒకే వైపుకి తప్పుకున్నాం. ఎంత ఇబ్బందో చెప్పలేను.

రానురాను మాటలు కొంచెం పెరిగాయిలే. "పడింది. నీ చొక్కా గుండీ ఊడింది." అలాగన్నమాట. మా తమ్ముడు పోయినప్పుడైతే, "పడింది. డ్వేన్ సంగతి విన్నాను" అంది. ఊఁ అన్నాను. "మంచివాడు" అంది. ఆ వెంటనే "ఫౌలు" అంది. చర్చిలో పాస్టరు వాడి గురించి చాలాసేపే చెప్పాడు. ఒక్క ముక్క నాకు గుర్తులేదు. ఇది గుర్తుంది.

ఏమిటి? స్కోరు బోర్డా?

ఉంది. ఎందుకు లేదు! బ్యాంకు వాళ్ళు పెట్టించిన దగ్గర్నుంచీ నడినెత్తిన వేలాడుతోంది, గాదెంత. పడిందో లేదో, ఎవడు వేశాడో, ఒకటికి మూడుసార్లు బొమ్మ వేసి మరీ చూపిస్తుంది. మా సీట్లలోంచి బ్రహ్మాండంగా కనిపిస్తుంది. స్తంభం దానికి అడ్డమే రాదు.

నేను తలెత్తి చూడను. మెడ పట్టేస్తుంది.

డాక్టరుకి చూపించుకోవడమేమిటి? నా మెడకేం, బాగానే ఉంది ట్రూడీ.

ఆవిడా? ఆవిడా చూడదు. ఎందుకో నాకేం తెలుసు? కళ్ళజోడు మార్చుకోవాలేమో.

పోయిన నెల మంచు బరువుకి కప్పు కిర్రుమంటోందని ఆటని హైస్కూలు జిమ్ముకి మార్చారు చూడు. ఎక్కడ పడితే అక్కడ కూర్చోమన్నారు. ఆవిడ పక్కన చోటుంటే అలవాటున వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ లేచి వెళ్ళిపోలేదు. కానీ మాట లేదు. దేనికంటావు? ఆవిడకీ అంతా కనిపిస్తోంది, నాకూ అంతా కనిపిస్తోంది. ఒకసారి నోరు తెరిచింది. రింగు వైపు చూసింది. మూసేసింది. నేనూ అదే చేశాను. పెళ్ళైన దగ్గర్నుంచీ ఒక ఆట మొత్తం రెండు కళ్ళతో చూడడం నాకదే మొదలు. ఎవరు గెలిచారో ఇంటికెళ్ళి రేడియోలో విని తెలుసుకున్నాను.

అందుకని ఉన్నమాట చెప్పేస్తున్నాను. ఆ స్తంభం పోతే ఆవిడ నాతో మాట్లాడాల్సిన పనే ఉండదు. నాకు ఆవిడ మాట కావాలి. రెండు ముక్కలైనా సరే, కావాలి. ఆట ఉన్న వారం నేను మనిషిలా ఉంటాను, లేని వారం ఉండను. అదీ సంగతి. ఈ మాట ఎక్కడన్నా అన్నావంటే బబుల్‌గమ్ వ్యవహారం మీ అమ్మ చెవిన వేస్తాను.

గోరుచుట్టు మీద రోకటిపోటని, ఇప్పుడు సీట్లు కూడా మొదట్నుంచీ పంచుతున్నారాయె. విరాళం ఎక్కువిచ్చిన వాళ్ళు ముందు ఏరుకోవాలా? ఇంకేం! వెల్డా వాళ్ళక్క పోతూ హార్డ్‌వేర్ షాపు ఆవిడకే రాసింది. కాలేజీకి దండిగానే ఇచ్చుంటుంది. కింద వరసలో, కోచ్ చెమట వాసన తగిలేంత దగ్గర్లో కుర్చీ వస్తుంది. ఎన్నేళ్ళ కోరికో అది. తీర్చనివాణ్ణి నేనే కదా, ఇప్పుడు వద్దని ఏ మొహంతో అంటాను? నేనిచ్చిన దానికి నాకు పార్కింగులో కుర్చీ వేస్తారు.

ఇదేనా కొత్త హాలు బొమ్మ? ఇటు తిప్పు. రంగు పూసినవి అయిపోయినవా? ఊఁ. కింద వరసలు ఆల్రెడీ నిండిపోతున్నాయే.

ఏదీ, ఒక్క స్తంభమన్నా వదల్లేదా? ఏ మూలనన్నా? చిన్నదైనా ఫరవాలేదు.

ఈ నల్ల చదరమేమిటి? టీవీ కెమెరాలు పెట్టే గద్దెనా. మనిషెత్తు ఉంటుందా? దాని వెనక రెండు సీట్లున్నాయే! ఒక్కో సీటుకి ఒక్క రింగేనా కనిపించేది? ఆ ఇంజనీరు ఈ మాట చెప్పలేదే. అందుకా సగం ధర.

ఒకదానికి రంగు పూసుందే.

ఎవరా పిచ్చివాడు?

చెప్పకూడదా? రూలా? సరే, చెప్పకు. నీ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. బస్సులోనూ అంతే, నువ్వేదన్నా దాస్తే ముందు చెవులే చెప్పేసేవి.

పొద్దున్నే వచ్చిందా? ఆ తోలు గ్లవుజులు వేసుకునేనా?

కింద వరసలు చూపించావా? సరిగ్గా చూపించావా, ఈ కుర్చీలో కూర్చోబెట్టి? చూపించినా వద్దందా.

మరి ఇదే ఎందుకు కావాలందట?

ఏమిటీ?

మళ్ళీ చెప్పు.

చవగ్గా వస్తుందని.

వెల్డా. చవగ్గా వస్తుందని. వెల్డా అంది.

ఒక్క నిమిషం ఆగు. వద్దు, నీళ్ళేం వద్దు. ఈ కుర్చీ మెత్తదనానికి లేవబుద్ధి కావడంలేదు, అంతే.

ఆవిడ సీటుకి ఏ రింగు కనిపిస్తుంది? ఉత్తరమా. ఊఁ. అలవాటైన వైపే చూసుకుంది.

అయితే ఆ రెండోది నాకు రాసెయ్. ఇప్పుడే రంగు పుయ్యి, నేను చూస్తుండగా. పక్క సీటు ఎవరు తీసుకున్నారని ఆవిడ వచ్చి అడిగితే, వర్జిల్ తీసుకున్నాడని చెప్పు. ఎందుకు తీసుకున్నాడంటే చవగ్గా వస్తుందన్నాడని చెప్పు. నా విషయంలో ఆ మాట ఎవరైనా నమ్ముతారు.