నెవ్ పొంగించిన స్పాంజ్ కేకు

నెవ్ హాలిగన్ కోతలు మొదలుపెట్టాడంటే పచ్చిక మీద బంతులు దొర్లించి ఆడే బౌలింగ్ క్లబ్బు వరండాలో అందరి టీ చల్లారిపోవాల్సిందే. ముర్రే నదిలో తను పట్టిన చేపని ఒడ్డుకి లాగేసరికి నది మోకాలి లోతుకి దిగిపోయిందని చెప్పిన మనిషి మరి. ఆ మాటలకి ఎవరూ కోప్పడరు సరికదా, అవి లేకపోతే గోధుమ పండించే ఆ ఊళ్ళో శనివారం సాయంత్రాలు గడవవు.

ఆ శనివారం మాత్రం టీ పోస్తున్న కోరల్ గుండెల్లో రాయి పడింది. నెవ్ ఎత్తుకున్నది పోయిన ఆదివారం సంగతి.

ఆ ఆదివారం అతను స్నేహితులందర్నీ ఇంటికి టీకి పిలిచాడు. భార్య జాయిస్ పోయాక పిలవడం అదే మొదలు. ఆ ఊళ్ళో ఎవరు టీకి పిలిచినా వెళ్ళేవాళ్ళు ఓ ప్లేటులో ఏదో ఒకటి చేసి పట్టుకెళ్తారు, పిలిచినవాళ్ళ మీద భారం పడకుండా. నెవ్ మాత్రం, ఇన్నేళ్ళూ మీరు మోసుకొచ్చింది చాలు, ఈసారి అన్నీ నేనే చేస్తాను, ఎవరైనా ప్లేటుతో వస్తే గుమ్మంలోంచే పంపించేస్తానన్నాడు. పింఛను డబ్బుతో నెట్టుకొచ్చే మనిషింటికి ఉత్త చేతులతో ఏ మొహం పెట్టుకుని వెళ్తారు? పోనీ పట్టుకెళ్తే అతని మనసు నొచ్చుకుంటుంది. కోరల్ చెప్పులేసుకుని కూడా ఎటూ తేల్చుకోలేకపోయింది. మిగతావాళ్ళంతా వెళ్తారు కదా, నేనొక్కదాన్ని లేకపోతే ఏం కొంప మునిగిందిలే అనుకుని ఇంట్లోనే ఉండిపోయింది. అడిగితే తన సంగతి బయటపడుతుందని, ఎలా జరిగిందని వారమంతా ఎవర్నీ అడగలేదు.

"పెద్ద ఖర్చేమీ పెట్టలేదు," అని నెవ్ చిన్నగానే మొదలెట్టాడు. "మా కోళ్ళు పెట్టిన గుడ్లు, కొట్లో అన్నిటికన్నా చవక పిండి, కాస్త పంచదార. జాయిస్ గిన్నెలోనే గిలక్కొట్టాను. స్పాంజ్ కేకంటే కిటుకంతా ఆ గిలక్కొట్టడంలోనే ఉంది, నావేమో రైలు పట్టాలకి మేకులు దిగ్గొట్టిన చేతులాయె. నురగ మోచేతి దాకా లేచింది. ఓవెన్‌లో పెట్టి తలుపు మూశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తలుపు ఊడొచ్చి ఉంటుంది," అంది థెల్మా, అలవాటు కొద్దీ.

"తలుపు ఊడితే ఏదో అనుకోవచ్చు. ఓవెనే లేచింది. కేకు దాన్ని నెత్తిన పెట్టుకుని పొంగుతోంది. నేను ఓవెన్ కాళ్ళు పట్టుకుని వేలాడుతూ ఆగవే తల్లీ అంటున్నాను, వింటేనా? ఇంటి కప్పు రేకులు లేచిపోయాయి. తెల్ల చిలకల్లాంటి కాకటూ పిట్టలు గుంపులుగా వచ్చి దాని మీద వాలాయి. అటుగా పోతున్న గోధుమ రైలు డ్రైవరు, ఇదేదో కొత్త గోదాం కాబోసు, సరుకు ఇక్కడే దించాలేమోనని మా పెరటి ముందు బండి ఆపేశాడు. నమ్మకపోతే అతన్నే అడగండి."

మామూలుగా అయితే ఇక్కడ థెల్మా మొగుడు లెస్ అందుకోవాలి. బండికి ఎన్ని పెట్టెలున్నాయి, డ్రైవరుకి ముక్క పెట్టావా లేదా అని ఎగదోయాలి. అతను తలెత్తలేదు. పంచదార వేసుకోని టీని తిప్పుతూ కూర్చున్నాడు.

నెవ్ అదేం గమనించలేదు. గమనించినా ఆగే మనిషి కాదు.

"ఇక జనం. పిలిచిన వాళ్ళంతా వచ్చారు, ఒక్కరు కూడా ప్లేటు తేలేదు, నా మాట నిలబెట్టారు. వరస మా గేటు దాటి గోదాముల దాకా పోయింది. నది అవతల ఊళ్ళవాళ్ళు పడవలు కట్టుకుని దిగారు. కేకు కోయడానికి చాకేం సరిపోతుంది? చెట్లు కోసే రంపం తెచ్చి అటొకరు ఇటొకరు పట్టుకున్నాం. ఆప్రికాట్ జాము పారతో పూశాం. తిన్నవాళ్ళు తింటూనే ఉన్నారు, కేకు మాత్రం తరగదు. అందరికీ జాయిసే గుర్తొచ్చింది. ఆమె చేత్తో చేసినట్టే ఉంది నెవ్ అని ఒకటే మెచ్చుకోలు..."

థెల్మా మొహంలో నవ్వు లేదు. కోరల్ ఆమె వంక చూసింది, లెస్ వంక చూసింది. ఇద్దరూ చూపులు తప్పించారు. అప్పుడర్థమైంది కోరల్‌కి. ఊరుకుంటే పోయేది, నోరు ఊరుకోలేదు.

"ఇంతకీ నేనెక్కడ కూర్చున్నాను నెవ్?"

అతను తడుముకోలేదు. "కిటికీ పక్కన. జాయిస్ కుర్చీలో. నీ కోసమే అట్టేపెట్టాను."

"నేను రాలేదు నెవ్."

లెస్ చెంచా పక్కన పెట్టి, మేమూ రాలేదన్నాడు, కోరల్ ఎలాగూ వెళ్తుంది కదా అనుకున్నామన్నాడు. ఉత్త చేతులతో రావడానికి మొహం చెల్లలేదని థెల్మా గొణిగింది. మిగతావాళ్ళదీ అదే మాట.

నెవ్ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. కోరల్‌కి తన నోరు తనే నొక్కేసుకోవాలనిపించింది. పోయిన ఆదివారాన్ని ఎలాగూ ఒంటరిగా గడిపాడు, కనీసం మాటల్లోనైనా ఇల్లు నింపుకుంటుంటే అది కూడా ఉంచలేదు తను.

"నిజంగా ఎంత పొంగింది?" అని అడిగింది మెల్లగా.

అతను బొటనవేలూ చూపుడువేలూ ఎడం చేసి చూపించాడు, తర్వాత ఆ ఎడం ఇంకాస్త తగ్గించాడు. "మధ్యలో దిగిపోయింది. రుచి పరవాలేదు. మర్నాటికి ఎండిపోతే కోళ్ళకి వేశాను. వాటి గుడ్లే కదా."

వచ్చే ఆదివారం మళ్ళీ చెయ్యమంది కోరల్, అందరం వస్తాం, నువ్వన్నట్టే ఏమీ తేకుండా వస్తామంది. అతను టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

లెస్ ఇక తట్టుకోలేకపోయాడు. "ఒరే నెవ్, ఆ రైలు సంగతి మధ్యలో వదిలేశావు. చెప్పరా. ఆ తర్వాత ఏమైంది?"

నెవ్ అతని వంక చూసి ఎలాగో నవ్వడానికి ప్రయత్నించాడు.

"ఆ తర్వాతా? ప్లేట్లన్నీ తీసి మళ్ళీ బీరువాలో పెట్టేశాను లెస్. కడగాల్సిన పని కూడా లేకపోయింది."