బోర్డు మీద అవతలి గొంతు

హలో… ఆ, నేనే నారాయణా, మీ వదిన్ని. గట్టిగా చెప్పప్పా, ఈ బళ్లో ఈ ఒక్క కిటికీ కాడనే సిగ్నల్ వస్తాది.

…

వచ్చినాడు. నీ అర్జీ మీద జమ్మలమడుగు నుంచి కారులో వచ్చినాడు ఆఫీసరు. హెడ్‌మాస్టర్ రూములో కూర్చోని పల్లవి టీచర్ను అడుగుతాండాడు. ఆ పిల్ల ముఖం చూడలేకపోతి. నేను ఇంగ్లీషు క్లాసులో ఉండా, ఆ టీచరు వచ్చేదంకా పిల్లోళ్లను చూసుకుంటా…

ఏం చెప్పాల?

… …

ఆ, ఇన్నా. "బడి కమిటీ ఛైర్మన్‌గా చెప్తాండా, ఈ టీచరు మా ఊరికొద్దు." అంతేనా?… ఒక్క మాటే గదా అంటావు. ఆ ఒక్క మాటకు ఆ పిల్ల ఉద్యోగం పోతాది గదప్పా.

…

బదిలీ యాడిది నారాయణా? కాంట్రాక్టు మీద వచ్చిన పిల్ల. మనం వద్దంటే ఇంటికే.

…

పాఠం చెప్పకుండా ఫోన్లాట ఆడిస్తాందా? నువ్వు చూసినావా?… నేను చూసినా. కమిటీలో ఏసినప్పట్నుంచి మధ్యాన్నం అన్నం రుచి చూసేకి వస్తాండా గదా, వచ్చినప్పుడల్లా ఈ క్లాసులో ఎనక బెంచీలో కూర్చుంటా… నవ్వు, నవ్వు. యాభై దాటినాంక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, నాకు బెంచీ అంటే సిగ్గు లేదు.

ఆ ఆట ఏందో ఇను. ఒకరు ఫోను పట్టుకోని మాట్లాడతారు. ఆ ఒక్క పక్క మాటలు ఇని, అవతలోళ్లు ఏమన్నారో మిగతా పిల్లోళ్లు ఊహించాల. ఊహించి బోర్డు మీద ఇంగ్లీషులో రాయాల. పుస్తకంలో ఉండదు ఆ జవాబు. ఎవరి బుర్రలోంచి వాళ్లే తియ్యాల…

తప్పులు రాస్తారు. పోనీ! ముందర గుక్క తిప్పుకోకుండా పాఠం అప్పజెప్పేటోళ్లు, అర్థం అడిగితే నోరెళ్లబెట్టేటోళ్లు. ఇప్పుడు నా మనవరాలు బీరకాయ చెవికి పెట్టుకోని నాతో ఇంగ్లీషులో కొట్లాడతాంది.

… …

అట్లరా దోవకు. నీ కోపం ఇంగ్లీషు మీద కాదు. మీ వర్షిత మీద.

…

టీచరేం నేర్పిచ్చలేదప్పా. "ఇంట్లో విన్న ఫోను మాటలు తెచ్చుకోండి" అనింది, అంతే. నీ మనవరాలు వాళ్ల తాత ఫోన్లో అన్న మాటలు తెచ్చింది. "ఐ యామ్ ఇన్ ప్రొద్దుటూర్. జీప్ బ్రేక్. నాట్ కమింగ్." పిల్లోళ్లు అవతలి మాట రాసిరి. "తాగే నీళ్ల పైపు గురించి అడిగేకి వస్తానంటివి, పొద్దున్నుంచి ఆఫీసు ముందర నిలబడి ఉండాం" అని…

వాళ్లకెట్ల తెలిసిందా? ఊరి పెద్ద వస్తాడని ఆ దినం నిలబడింది వాళ్ల అమ్మలే గదా నారాయణా! నువ్వేమో ఇంట్లో మంచం మీద కర్బూజ తింటాంటివి… ఆ, కర్బూజ సంగతీ పాపే చెప్పింది.

…

నేనూ నవ్వినా. ఊరంతా నవ్వింది. "ఏం నారాయణన్నా, ఈ పొద్దు ఇంట్లోనా, ప్రొద్దుటూర్లోనా" అని నిన్ను అడుగుతాండారు, తెలుసు నాకు. దానికి ఆ పసిదాన్ని బడి మాన్పించి ఇంట్లో కూర్చోబెడితివి. మీ కోడలు కొట్లాడి ఈ పొద్దే పంపించింది. ఇప్పుడు టీచరు మీద పడితివి.

… …

ఏంది?

…

మళ్లా చెప్పు.

… …

నా చీనీ తోటకు నీళ్లు రావా?… రేపట్నుంచేనా?… పైపు పీకేపిస్తావా?

…

ఆ బోరు నువ్వూ మీ అన్నా కలిసి ఏయించిరి నారాయణా… కాగితంలో నీ పేరుంటే నీదేనా?… చెట్ల నిండా కాయ ఉండాది. ఈ ఎండలకు నీళ్లు లేకుంటే కాయ కాదు, చెట్లే పోతాయి. నీకు తెల్దా?

…

తెలిసే అంటాండావు.

… …

ఆ… ఆ… మీ అన్న లేడు, నాకు ఎవరు దిక్కంటావు…

… …

ఏడ్చలేదులే. ఆలోచిస్తాండా.

…

పిల్లోళ్లా? ఈన్నే ఉండారు, యాడికి పోతారు?… అవును, గమ్మునుండారు. ఇంత గమ్మున ఎప్పుడూ ఉండరే…

ఉండు.

ఉండు నారాయణా, ఒక్క నిమిషం… ఓయమ్మా! ఏంది పాపా ఇది?

…

నీకేం చెప్పేది! బోర్డు నిండా రాసినారు. నేను కిటికీ పక్కకు తిరుక్కోని మాట్లాడతాంటే, ఎనక ఒకరి తర్వాత ఒకరు లేసి రాసినారు… ఏం రాసినారంటే, నువ్వు చెప్పిందే. నా మాటలు ఇని నీ మాటలు రాసినారు.

…

ఒట్టు, నేను రాయమనలేదు. అలవాటైపోయింది వాళ్లకు, ఫోను కనపడితే చెయ్యి ఊరుకోదు… ఫాయిజా, పై లైను చదువు పాపా… "టెల్ ద ఆఫీసర్, వి డోంట్ వాంట్ దిస్ టీచర్." ఇన్నావా? ఆఫీసరుకు చెప్పమన్న నీ మాటే… కింద లైను నేను చదువుతా, ఉండు. "నో… వాటర్… ఫ్రమ్… టుమారో."

…

తుడిచేయాలా? ఎందుకప్పా? పిల్లోళ్లకు ఇంగ్లీషు రాలేదంటివి గదా!

… …

అరవద్దు. చెవి పోతాంది… అరవద్దంటే! నీళ్లు ఇస్తావా?… ఇది తుడిచి, టీచరు వద్దంటే ఇస్తావు. ఆ.

… …

డస్టరు చేతికి తీసుకున్నా నారాయణా. నిజంగానే తీసుకున్నా. కాయంతా కళ్ల ముందర ఆడతాంది…

పిల్లోళ్లు నా చేతినే చూస్తాండారు.

…

ఆగు. వస్తాండారు.

నమస్తే సార్… కూర్చోండి పాపా, కూర్చోండి… లైన్లోనే ఉండా నారాయణా. ఆఫీసరు సారు, పల్లవమ్మ. సారు బోర్డు చదువుతాండాడు… ఇంకా చదువుతాండాడు… ఈ నీళ్ల మాట ఎవరిదని అడుగుతాండాడు.

…

మా మరిదిది సార్. ఫోన్లోనే ఉండాడు… ఆ, అడుగుతా. నారాయణా, ఇప్పుడే ఈడికి వచ్చి మాట్లాడమంటాండాడు సారు. యాడుండావో చెప్పు…

ఉండుండు, నువ్వు చెప్పొద్దు. నువ్వు నోరు తెరవకముందే మీ వర్షిత లేసి రాస్తాంది. "ఐ యామ్… ఇన్… ప్రొద్దుటూర్."

నీ జీపు మీ వాకిట్లోనే ఉండాది నారాయణా. ఈ కిటికీలోంచి కనపడతాంది.

… …

ఆ బిడ్డ మీద చెయ్యి పడిందంటే చూడు! ఈ రాత్రి నా కాడ పండుకుంటాది. నీళ్లు ఆపుకుంటే ఆపుకో, నా చెట్ల సంగతి నేను చూసుకుంటా… డస్టరు ఇంద పాపా, అల్మారాలో పెట్టేయి.

సార్, నేను కమిటీ ఛైర్మన్ను. ఈ టీచరు మా ఊరికి కావాల. రాసుకోండి.

ఇన్నావా నారాయణా? నువ్వు చెప్పేది కూడా చెప్పు. స్పీకర్ పెట్టినా, అందరూ ఇంటాండారు.

…

నారాయణా?

…

హలో?

…

ఏం వర్షితా… దీనికేం రాయాల్నా? ఏం రాయొద్దు పాపా. అంత జాగా ఖాళీగా ఇడిసిపెట్టు.