కాలవగట్టు మీద సైకిలు పందెం

పొద్దున్నించీ ముసురే. ఉత్తరాలన్నీ పంచేసి, తడిసిన ఖాళీ సంచితో పోస్టుమేన్ దేవదానం ఎలీసమ్మ టీ బడ్డీ దగ్గర సైకిలు దిగేసరికి పిక్కలు లాగేస్తున్నాయి. బల్ల చివర కూలబడ్డాడు. లాకుల తలుపులెత్తి దించే లస్కరుగా చేసి రిటైరైన గంగయ్యగారు అప్పటికే కథ అందుకున్నారు. రెండేళ్ళ కిందట, ఎనభైరెండు శ్రావణంలో, కొత్తపేట కుర్రాళ్ళ సంఘం కాలవగట్టు మీద పెట్టిన సైకిలు పందెం కథ. ఈ ఊరు బదిలీ అయ్యొచ్చేక దేవదానం దాన్ని ఎన్నిసార్లు విన్నాడో. ఆ పందెంలో తనూ తొక్కేడని మాత్రం ఎవరితోనూ అనలేదు.

"చూడ్డానికే వెళ్ళేనండి నేను," అంటున్నారు గంగయ్యగారు. "ఎక్కడో కొండల మీద తొక్కే పందాలుంటాయట. మనకి కొండెక్కడిదండీ, గట్టే మన కొండ. వాయుగుండం పట్టి మూణ్ణాళ్ళైంది, గట్టంతా ఒండ్రు జిగురు, అడుగేస్తే కాలొచ్చేస్తది, చెప్పు ఉండిపోద్ది. ఆ బురదలో నలభై సైకిళ్ళు. లాకుల మలుపు దగ్గర గొడుగేసుకుని నిలబడ్డాను. మొదటోడు మలుపు తిరుగుతూనే జర్రున జారి కాలవలో పడ్డాడు. గొడుగు వంకీ వాడి చొక్కాకి తగిలించి లాగేసేను."

"ఆయ్," అన్నాడు కొబ్బరికాయలొలిచే సత్తిబాబు బీడీ ముట్టించుకుంటూ.

పోయినసారి కథ అక్కడే ఆగింది. ఇవాళ వానా ఆగేలా లేదు, కథా ఆగేలా లేదు.

"ఒకణ్ణి లాగేనా, వెనకాల ఆరుగురు పడ్డారు. ఆర్గుర్నీ ఒకే ఊపున, చేపల్ని గుచ్చినట్టు గుచ్చి గట్టునేసేను. ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ? ఫెళ్ళుమని కొబ్బరిచెట్టు గట్టుకడ్డంగా ఒరిగిపోయింది. పందెం ఆగిపోతే సంఘమోళ్ళ పరువేం కావాలి? భుజమిచ్చేను. గెలల్తో సహా చెట్టు నా భుజమ్మీద, కిందనించి సైకిళ్ళు పోతన్నాయి, ఒక్కొక్కడూ తలొంచి దణ్ణం పెట్టి మరీ పోయేడు."

"వంచకపోతే చెట్టు తగులుద్ది కదండీ," అంది ఎలీసమ్మ గ్లాసులు తొలుస్తూ.

"అదీ ఉందనుకోమ్మా. అప్పుడొచ్చిందండి అసలు గాలి. గొడుగులో దూరి, నన్నూ చెట్టునీ కలిపి లేపేసింది. వదిలేద్దునా అంటే అత్తోరిచ్చిన గొడుగు. కింద అమలాపురం పోయింది, అల్లవరం పోయింది, ఓడలరేవు కనపడింది. వలలేసుకునేవోళ్ళు తలెత్తి, ఏంటండీ గంగయ్యగారూ ఇలాగొచ్చేరని అడిగేరు. పందెం చూస్తన్నానర్రా అని చెప్పి, గాలి మళ్ళగానే తిరుగుమొహం పట్టేను. దారిలో గాలికెగిరిపోతన్న ఇద్దరు సైకిలోళ్ళని చెరో చంకనా పెట్టుకుని మళ్ళీ మలుపు దగ్గరే దిగేను. మొదటా రెండూ వచ్చింది ఆ ఇద్దరే."

"మరి చెట్టేం చేసేరండీ?" అన్నాడు సత్తిబాబు.

"ఓడలరేవులో పాతేసేనయ్యా. ఇప్పుడు కాపుకొచ్చింది."

నవ్వేరు. దేవదానం నవ్వలేదు. చేతిలో టీ చల్లారిపోతోంది.

"అందరూ బాగానే పోయేరు గానండి, ఆఖరోడొకడున్నాడు. పిరికిగొడ్డు. గాలి చూసి సైకిలు కాలవలో పారేసి, ఏడుస్తా ఇంటికి పోయేడు."

దేవదానం గ్లాసు బల్ల మీద పెట్టేడు. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేదతనికి. ఊరుకుందామనే అనుకున్నాడు.

"పోలేదండి," అన్నాడు. "ఆ ఆఖరోడు నేనేనండి."

అందరూ అతని వంక తిరిగేరు.

"చైను తెగిపోయిందండి. అయిదు మైళ్ళు సైకిలు భుజానేసుకుని ఆ బురదలో నడిచొచ్చేను. అప్పటికి జనమంతా వెళ్ళిపోయేరు. సంఘంవాళ్ళు కూడా జెండా పీక్కుని పోయేరు. మలుపు దగ్గర చెట్టేం పడలేదండి, ఎవరూ కాలవలో పడ్డట్టు కూడా వినలేదు. మీకు గొడుగే లేదు గంగయ్యగారూ. తాటాకొకటి నెత్తినెట్టుకుని వణికిపోతున్నారు. ఇంకా ఉన్నారేంటండీ అంటే, ఇంకొకడు రావాలయ్యా, కాలవలో పడిపోయేడేమోనని ఆగేనన్నారు. మీరు చేసిందల్లా అంతేనండి. నిలబడ్డారు."

గంగయ్యగారు ఒక్కసారిగా ముసలాయన అయిపోయినట్టు కనపడ్డారు.

"ఆవేళ నీ మొహం ఆనలేదయ్యా, బురద," అన్నారు. తర్వాత మెల్లిగా, "ఉత్తినే నిలబడ్డానంటే ఎవరు వింటారు?"

సత్తిబాబు బీడీ పారేసేడు. ఈసారి వేళాకోళం లేదు గొంతులో.

"ఎంతసేపు నిలబడ్డారండీ?"

గంగయ్యగారు నోరు తెరవబోయి, దేవదానం వంక చూసి ఆగేరు.

"గంట ఉంటాదేమో," అన్నారు.

"మూడండి," అన్నాడు దేవదానం. "నా ముందువాడు దాటిపోయిన మూడు గంటలకి గాని నేను రాలేదు."