చైను సంగతి అక్కనడగండి

షెడ్డులో ఇద్దరే ఉన్నారు: పందెం కార్లకు ఇంజన్లు కట్టే మేస్త్రి, అలాంటి కారు నడిపిన, అందరూ తూనీగ అని పిలిచే కుర్రాడి అక్క. మధ్యలో బల్ల మీద మూత విప్పిన ఇంజన్.

“...కాబట్టి ముందు వాటర్ పంపు తేల్చేద్దామమ్మా. చైను తర్వాత. ఫోన్ చేసినప్పుడల్లా మన తూనీగది ఒకటే మాట, చైను సంగతి అక్కనడగండి, అని.”

“నాకేం తెలుసండీ చైన్ల గురించి?”

“నేనూ అదే అన్నాను. వింటేగా! సరే, పంపుల్లో రెండు రకాలు. ఇంజన్‌తోపాటు తిరిగేది ఒకటి, కరెంటుతో తిరిగేది ఒకటి.”

“తేడా ఏంటి?”

“మొదటిది, ఇంజన్‌ని మరీ గట్టిగా తిప్పితే నీళ్ళలో బుడగలు లేపుతుంది. బుడగ వేడిని మోయదు కదా, ఇంజన్ మాడిపోతుంది. కరెంటుదానికి ఆ గొడవ లేదు, దాని పని అది చేసుకుపోతుంది. ఇంజన్ ఆపాక కూడా కాసేపు చల్లబరుస్తుంది. కాకపోతే వైరు ఊడిందా, అంతే సంగతులు.”

“కరెంటుదే పెట్టండి.”

“అప్పుడే? మీ తమ్ముడైతే దీనికి వారం రోజులు నా బుర్ర తినేవాడు.”

“పెట్టేయండి. వాడు ఎలాగూ నడపడు. ఈ ఇంజన్ మళ్ళీ మోగితే వింటాడట, అంతే.”

“ఎలా ఉన్నాడమ్మా?”

“అలాగే. నడుం కింద ఏమీ తెలియదు. కిటికీ దగ్గర కూర్చోబెడితే కూర్చుంటాడు. పెడితే తింటాడు. నాతో బాగానే మాట్లాడతాడు.”

“మరి మీరు?”

“నాకేం, బాగానే ఉన్నాను. ఏడుపు కూడా రావట్లేదు. మూడు నెలలైంది, ఏదీ రావట్లేదు. చైను గురించి చెప్పండి.”

“చైనంటే... ఒంటి వరసది, జంట వరసది. పాతది ఒంటి వరస. ఆ ఆఖరి పందేనికని వాడు ఆర్డరు పెట్టింది జంట వరస. అది తెగదమ్మా. పిస్టన్ పైకొచ్చే వేళకి వాల్వు తప్పుకోవాలి. ఆ లెక్క చూసేది చైనే. అది తెగితే రెండూ కొట్టుకుని ఇంజన్ పట్టేస్తుంది.”

“చక్రాలు పట్టేస్తాయి. కారు వెళ్ళి గోడకి—”

“వద్దులెండి.”

“ఏం పర్లేదు. కొత్త చైను వస్తే అలాగే బిగించేస్తారా?”

“అలాగెలా? పైనున్న గ్రీజు కడగాలి. ఒక రాత్రంతా ఇంజన్ ఆయిల్లో నాననివ్వాలి. ఆరకుండా మన షెడ్డు నీలం గుడ్డలో చుట్టాలి. మా గురువుగారి పద్ధతి. ఇంకెక్కడా చేయరు, చేస్తే నవ్వుతారు. మీవాడు నాకంటే శ్రద్ధగా చేసేవాడు. ఆపైన వాడికో పిచ్చి. మీకు తెలియందేముంది!”

“నా చెయ్యి.”

“అదే మరి. అక్క చేత్తో ఇవ్వందే కొత్త బోల్టు కూడా ఎక్కనిచ్చేవాడు కాదు. పార్సిళ్ళన్నీ మీ ఇంటికే తెప్పించింది అందుకేగా. మీరు తెచ్చివ్వాలి, వాడు కళ్ళకద్దుకోవాలి, అప్పుడు నా పని మొదలు. అన్నీ వచ్చాయి, ఆ ఒక్క చైనే రాలేదు. పందెం రోజు పొద్దున ఎనిమిదిన్నర దాకా ఇక్కడే, గేటు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఇక టైము లేదు మేస్త్రీ, పాతదే బిగించెయ్ అన్నాడు. బిగించాను.”

“వాడే అన్నాడుగా.”

“వాడంటే? వద్దురా అనడానికి నాకు నోరు లేదా? ముప్పై ఏళ్ళ అనుభవం ఏ గంగలో కలిసిందో! ఈ చేతులేనమ్మా బిగించింది. ఆ రోజు నుంచి వేరే ఇంజన్ ముట్టుకోలేదు. ఈ ఒక్క ఇంజన్ అప్పగించి షెడ్డు మూసేస్తాను.”

“మూయకండి.”

“లేదమ్మా, తప్పు నాది.”

“మీది కాదు.”

“మీ మంచితనం కొద్దీ అంటున్నారు.”

“మంచితనమా! ఈ సంచిలో చెయ్యి పెట్టండి.”

“ఏముంది?”

“తీయండి ముందు.”

“ఇది... ఇది ఆ చైను డబ్బా! ఎక్కడిదమ్మా?”

“ఆ పందెం వారం మంగళవారమే వచ్చింది. నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. నా పెట్టెలో బట్టల అడుగున దాచాను. వచ్చిందా అక్కా అని రోజూ అడిగేవాడు. రాలేదురా అనేదాన్ని. అంతకు ముందు పందెంలో వాడికి భుజం విరిగింది కదా, నాకు భయం. చైను లేకపోతే మానేస్తాడనుకున్నాను. పాతదాంతో వెళ్తాడని నాకేం తెలుసు?”

“వాడికి చెప్పారా?”

“ఏమని చెప్పను? నోట్లో ముద్ద పెడుతూ చెప్పనా? వాడికి చెప్పే ధైర్యం లేకే మీ దగ్గరికొచ్చాను. మీ చేతుల తప్పేం లేదు మేస్త్రి గారూ. అది చెప్దామనే వచ్చాను.”

“కూర్చోండమ్మా. ఒక్కమాట. ఈ డబ్బా మీరు విప్పారా?”

“నేనా? నేను మళ్ళీ దాని మొహం కూడా చూడలేదు. ఇందాక సంచిలో వేసుకోవడమే.”

“టేపు మీద టేపు ఉంది. లోపల చూడండి.”

“నీలం గుడ్డ.”

“గ్రీజు చుక్క లేదు. నూనె తాగి ఉంది చైను. ఇది నేను చేసింది కాదు.”

“అంటే... నా పెట్టెలో ఉందని వాడికి...”

“తెలుసు. కడిగి, నానబెట్టి, చుట్టి, తీసిన చోటే పెట్టాడు.”

“మరి తీసుకుపోలేదేం? చేతికి దొరికిందిగా! తీసుకుపోవచ్చుగా!”

“మీరివ్వందే వాడు ఎప్పుడు తీసుకున్నాడమ్మా?”

“ఆ పొద్దున గేటు వైపు చూస్తూ కూర్చున్నాడన్నారు.”

“ఎనిమిదిన్నర దాకా.”

“కొరియర్ అబ్బాయి కోసమే కదూ? అవునని చెప్పండి మేస్త్రి గారూ.”

“అది ఆదివారమమ్మా. ఆదివారం కొరియర్ రాదు.”