గడ్డం సందులో గాలి

బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీకి బయలుదేరిన మరిదిని వదిన వాకిట్లో ఆపింది. ఆమె చేతిలో రెండు ఫిల్టర్లున్న రబ్బరు మాస్కు ఉంది.

“నాకు తువ్వాలు ఉండాది కదా వదినా.”

“మీ అన్న పదేండ్లు తువ్వాలే కట్టుకున్యాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తులు తినేసిందని డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావు. తగిలించుకో.”

“దీంతో పోతే ఏనుగొచ్చిందని నవ్వుతారు.”

“నవ్వనీ. ఫిల్టర్లు రెండూ అరచేతుల్తో మూసి గాలి పీల్చు. మాస్కు ముఖానికి అతుక్కోవల్ల.”

“అతుక్కోలేదు. గడ్డం సందులో నుంచి గాలి వస్తాండాది.”

“గాలి వచ్చే దోవనే దుమ్మూ వస్తాది. గడ్డం గీసెయ్.”

“ఇది మద్దిలేటి స్వామి మొక్కు వదినా!”

“మీ అన్న బాగైతే కొండకాడ తీయిస్తానని మొక్కినావు. బాగైనాడా?”

“లేదు.”

“మరి ఎందుకు పెంచుతాండావు?”

“తీసేస్తే, పోయిన అన్న ఇంక రాడని నేనే ఒప్పుకున్నట్టు ఉంటాది.”

“నేను ఒప్పుకోలేదా అప్పా? కూర్చో, అద్దం పట్టుకుంటా.”

“స్వామికి కోపమొస్తే?”

“వదిన గీయించిందని చెప్పు. ఆయప్పను నేను అడగాల్సింది శానా ఉండాది.”