తెల్ల కరోలా, పదకొండు సెకన్లు

ఇంతవరకూ నోరు విప్పి ఎవరితోనూ అనలేదు, ఇక్కడ రాస్తున్నాను. నేను పెళ్లిలో మైకు పట్టుకున్నది ఒకే ఒక్కసారి. పదకొండు సెకన్లు. మూడేళ్ల కిందట వాన్ అనే ఊళ్లో, ఒక బాంక్వెట్ హాల్లో. మైకులో పెళ్లి నడిపించే ఎమ్సీ ఎక్కడికో వెళ్లాడు, కేటరింగ్ ఆయన పరుగెత్తుకొచ్చి, స్టేజి పక్కన నేనే ఉన్నానని నా చేతిలో మైకు పెట్టాడు. "తెల్ల కరోలా ఎవరిదో దయచేసి తీయండి, వంట వ్యాను లోపలికి రావాలి" అన్నాను. వెనక టేబుల్లోంచి ఒకాయన తాళాలు వెతుక్కుంటూ లేచాడు. అంతే. తర్వాత పెళ్లి వీడియోలో లెక్కపెట్టుకున్నాను, పదకొండు సెకన్లు.

ఆ కాసేపూ హాలంతా నా వైపు తిరిగింది. అప్పటినుంచి నేను నేనుగా లేను. ఇక్కడ కేంబ్రిడ్జ్‌లో నేను పనిచేసే వేర్‌హౌస్‌లో పెట్టెలు స్కాన్ చేస్తూ కూడా "ఇప్పుడు వధూవరులు వేదిక మీదికి..." అని గొణుక్కుంటుంటాను.

ఇక ఇందాకటి సంగతి. నేను అద్దెకుంటున్నది కోదండరామ్ అంకుల్ వాళ్ల బేస్‌మెంట్‌లో. ఆదివారం కదా, పైన గరాజ్ తలుపెత్తి, కుర్చీలు వేసి, చుట్టుపక్కల తెలుగువాళ్లని టీకి పిలిచారు. వాళ్ల అమ్మాయి చాందిని పెళ్లి ఆగస్టులో. హాలు వాళ్లు పంపిన ఫారం అంకుల్ ఒళ్లో ఉంది. అందులో 'టోస్ట్‌మాస్టర్ పేరు', అంటే ఎమ్సీ పేరు, అన్న గడి ఖాళీ. రేపు పొద్దున పంపేయాలి.

"మా మేనల్లుడి పెళ్లికి మైకు ఫ్రెండ్స్‌కి ఇచ్చాం. ఒక్కొక్కడు ఇరవై నిమిషాలు కాలేజీ జోకులు. బిర్యానీ చల్లారి గడ్డకట్టింది" అన్నారు అంకుల్. "ఈసారి ప్రొఫెషనల్‌నే పెట్టుకుంటాం. వాన్‌లో వంశీధర్ అని ఒకాయన ఉన్నాడట."

"ఆయనెందుకంకుల్, నేను లేనూ? నాకు అనుభవం ఉంది" అనేశాను.

"నీకా? ఎప్పుడే తల్లీ?" అంది చాందిని వాళ్లమ్మ సుధామయి ఆంటీ. ఇంట్లో వేపితే చలికోట్లకి వాసన పట్టేస్తుందని, గరాజ్ మూలనే స్టవ్ పెట్టుకుని మిరపకాయ బజ్జీలకి పిండి కలుపుతోంది.

"మూడేళ్లయింది ఆంటీ. ఆరు వందల మంది. ఎమ్సీ మాయం. వంట వ్యానుకి అడ్డంగా తెల్ల కరోలా. సరే, మైకు నేనే అందుకున్నా. కాస్త తీయండి బాబూ అన్నా, మామూలుగానే అన్నా. నలభై మంది లేచారు! కరోలా ఉన్నవాళ్లు సరే, బస్సులో వచ్చినవాళ్లు కూడా లేచారు."

"బస్సులో వచ్చినవాళ్లు ఏం తీశారమ్మా?" అన్నారు ఆంజనేయులు అంకుల్. ఆయన రిటైరైన ఇంజనీరు, కొలత లేని మాట గొంతు దిగదు.

"అదే కదంకుల్ విశేషం, తీయడానికి ఏమీ లేకపోయినా వెళ్లి పార్కింగ్‌లో నిలబడ్డారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? భోజనాలు. ఇక్కడ హాళ్లలో టేబుల్ నంబరు పిలిచాకే లేవాలి కదా, మనవాళ్లు ఎన్నడైనా ఆగారా, మూత తీసిన చప్పుడైతే చాలు, లైను పక్కూరు వాటర్లూ దాకా! నేను 'ఒకటో టేబుల్' అన్నా. ఒకటో టేబులే లేచింది. అరవై టేబుళ్లంకుల్. ముప్ఫై ఏడో టేబుల్లో ఒక తాతగారికి షుగర్ పడిపోతోంది. పక్కావిడ చాక్లెట్ ఇస్తే, వద్దమ్మా, ఇంకా మా నంబరు రాలేదన్నారు!"

"అయ్యో, పాపం!" అంది చాందిని.

"ఏం పాపం? ముప్ఫై ఏడు అనగానే అందరికంటే ముందు నడిచారు. పక్క హాల్లోనేమో ఇటాలియన్ల పెళ్లి. వాళ్ల ఎమ్సీకి పాతికేళ్ల సర్వీసు, మెడలో నల్ల బో టై. నేనిక్కడ పన్నెండో టేబుల్ అంటే, అక్కడ వాళ్ల పన్నెండో టేబుల్ లేచి వచ్చి మన లైన్లో నిలబడింది. తెలుగు ముక్క రాదు. గుత్తివంకాయ తిని కళ్లనీళ్లు పెట్టుకున్నారు."

"కారానికి అయ్యుంటుంది" అన్నారు ఆంజనేయులు అంకుల్.

"నా గొంతుకి అంకుల్! వాళ్ల ఎమ్సీ బో టై విప్పి నా చేతిలో పెట్టి, ఇక ఈ మెడకిది తగదన్నాడు."

"ఏ భాషలో?"

"కళ్లతో."

అందరూ కుర్చీలు ముందుకి జరుపుకున్నారు. అక్కడ ఆగాల్సింది. ఆగితే నేనెందుకవుతాను?

"ఇంతలో పంతులుగారు చెమటలు కక్కుకుంటూ వచ్చారు. అమ్మా, ముహూర్తం నాలుగు నిమిషాల్లో, పెళ్లికొడుకు ఇంకా 401 హైవే మీద ట్రాఫిక్‌లో ఉన్నాడన్నారు."

"పెళ్లికొడుకు రాకుండానే భోజనాలు పెట్టేశారా?" అన్నారు కోదండరామ్ అంకుల్.

"మరి సరైన ఎమ్సీ లేకపోతే అలాగే అవుతుందంకుల్! మైకు కిటికీ వైపు తిప్పా. దయచేసి అందరూ కుడివైపుకి జరగండి అన్నా. హైవే మీద కార్లు, ట్రక్కులు, మంచు తీసే బండి, అన్నీ..."

"మంచు బండేంటి, జూలై అన్నావుగా!" అన్నారు ఆంజనేయులు అంకుల్.

"జూలై అనలేదు, అన్నా సరే వచ్చింది! అన్నీ కుడివైపుకి ఒదిగాయి, మధ్యలోంచి పెళ్లికొడుకు కారు బాణంలా వచ్చేసింది. అయినా టైము చాలట్లేదు, గోధూళి ముహూర్తం, అవతల పొద్దు వాలిపోతోంది. కిటికీలోంచి సూర్యుడి వైపు ఒక్క చూపు చూసి, 'మీ నంబరు ఇంకా పిలవలేదండీ' అన్నా. ఆగాడు! జీలకర్రా బెల్లం పెట్టేదాకా అక్కడే, ఆ పార్కింగ్ మీదే, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను చెప్పకుండా కుర్చీలోంచి ఒక్క ప్రాణి లేచిందా..."

సుధామయి ఆంటీ బజ్జీల ట్రే తెచ్చి ఫ్రీజర్ మీద పెట్టింది. వేడిగా ఉన్నాయని కూడా అనలేదు. కుర్చీలు కిర్రుమన్నాయి. ఏడుగురికి ఏడుగురూ లేచి ట్రే దగ్గరికి పోయారు. నేను ఖాళీ కుర్చీల మధ్య, చెయ్యి సూర్యుడి వైపు చాచి మిగిలాను.

ఆంజనేయులు అంకుల్ బజ్జీ ఊదుకుంటూ ఇటు తిరిగారు. "సూర్యుణ్ణి ఆపావు, బాగుంది. మమ్మల్ని ఏడుగురిని ఆపలేకపోయావేమమ్మా?"

గరాజ్ దద్దరిల్లింది. చాందినికి నవ్వుతో పొలమారింది. నేనూ నవ్వేశాను, ఇంకేం చేస్తాను? అక్కడితో అయిపోయి ఉంటే హాయిగా ఉండేది.

కోదండరామ్ అంకుల్ నూనె చేతులు తుడుచుకుని ఫారం తీశారు. "కోతలు సగం తీసేసినా మిగతా సగం మనకి చాలు. ఆ వంశీధర్ ఎందుకు, మన పిల్ల ఉండగా" అని ఆ గడిలో నా పేరు రాసేశారు. మధుమిత. పెన్నుతో.

చాందిని నా చెయ్యి పట్టుకుంది. "థాంక్యూ అక్కా. మా అత్తగారి వాళ్లకి తెలుగు రాదు, ఎప్పుడు ఏం జరుగుతోందో తెలియక మూల కూర్చుంటారేమోనని ఐ వాజ్ సో వరీడ్. నువ్వు ఆల్రెడీ చేశావు కదా, ఇంక భయం లేదు."

చేశావు కదా!

సగం తీస్తే సగం మిగులుతుందని అంకుల్ లెక్క. నా దాంట్లో ఎంత తీసినా మిగిలేది ఒక కరోలా. రేపు పొద్దున ఆ ఫారం వెళ్లిపోతుంది, ఆగస్టులో చాందిని స్టేజి మీద నుంచి నా వైపు చూస్తుంది. నిజం చెప్పకుండా ఊరుకుంటే ఎలాగో నెట్టుకొస్తానేమో. నెట్టుకురాకపోతే అది ఆ పిల్ల పెళ్లి, నాది కాదు.

బజ్జీలకి అందరూ లేచినప్పుడు నవ్వొచ్చింది గానీ, ఇప్పుడు ఇంకోటి తడుతోంది. ట్రే వస్తున్నట్టు నాకు తెలియనే లేదు. ఎమ్సీ అన్నవాడు ఒక కన్ను ఎప్పుడూ వంట వైపు ఉంచుతాడు, వంట వచ్చే ముందే మాట ముగిస్తాడు. నలభై మూడు పెళ్లిళ్లలో వెనక కూర్చుని, ఎవరి మాట ఎంతసేపు సాగిందో, జనం ఎక్కడ కదిలారో రాసుకున్న నోట్‌బుక్కులు రెండున్నాయి నా దగ్గర. నాకు తెలిసిందంతా వాటిలో ఉంది. ఇందాక అందులోది ఒక్క ముక్కయినా చెప్పానా? సూర్యుణ్ణి ఆపాను.

చెప్పేస్తాను. చెప్పి, ఆ పని అడుగుతాను కూడా. మానుకోను. పేర్లన్నీ ఆగస్టుకి కంఠతా పడతాను, అత్తగారి వాళ్ల కోసం ప్రతి ఘట్టమూ ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి ముందే చూపిస్తాను, మెహందీ రోజున పరీక్ష పెట్టమంటాను. వంశీధర్ గారే కావాలంటే, ఆయన పక్కన నిలబడి పేర్లు అందించే పనైనా ఇవ్వమంటాను.

పైన గరాజ్‌లో అడుగుల చప్పుడు కింద నా గదిలోకి వినిపిస్తోంది, కుర్చీలు మడతపెడుతున్నారు. పన్నెండు మెట్లెక్కితే ఎదురుగా చెప్పొచ్చు. కానీ నా సంగతి నాకు తెలుసు, నాలుగు మొహాలు నా వైపు తిరిగాయంటే పదకొండు సెకన్లు పదకొండు నిమిషాలవుతాయి. అందుకే ఫోనే. ఆంటీకి కాదు, ఆవిడ నవ్వేసి బజ్జీలు పంపిస్తుంది. ఫారం ఎవరి దగ్గరుందో ఆయనకే, కోదండరామ్ అంకుల్‌కే చేస్తున్నాను.